బీసీ547 ట్రాన్సిస్టర్ బదులు 2222 వేశాను, మోటారు ఆగడం లేదు

మలక్‌పేట_మోటార్
అందరికీ నమస్తే. మా అపార్ట్‌మెంట్‌లో సంపు నుంచి పై ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారుకు నేను చేసిన కంట్రోలర్ నాలుగేళ్లుగా నడుస్తోంది. పెద్ద విషయమేం లేదు, 555 ఐసీ (టైమర్ చిప్పు), దాని 3వ పిన్ (అవుట్‌పుట్) నుంచి 1కే (వెయ్యి ఓముల) రెసిస్టర్, తర్వాత బీసీ547, 12 వోల్టుల రిలే (కాయిల్‌కు కరెంటిస్తే పట్టే స్విచ్), అక్కణ్నుంచి మోటారును ఆన్ చేసే కాంటాక్టర్ (పెద్ద రిలే). పోయిన వారం రిలే పట్టడం మానేసింది. ట్రాన్సిస్టర్ లోపల తెగి ఓపెన్ అయిపోయింది. కోఠి వెళ్లినప్పుడు ఎలక్ట్రానిక్ పార్టులమ్మే గుజరాతీ గల్లీలో అడిగితే "547 అయిపోయినయ్, 2222 తీస్కో, సేమ్ హై భాయ్, పవర్ ఇంకా ఎక్కువ" అని పది పీసులు చేతిలో పెట్టాడు.

తెచ్చి వేశాను. ట్యాంకు ఖాళీ అవగానే రిలే టక్కున పట్టింది, మోటారు ఆన్ అయింది. ట్యాంకు నిండాక 555 అవుట్‌పుట్ ఎల్ఈడీ ఆరిపోయింది కానీ రిలే మాత్రం వదల్లేదు. నేను కింద టీ తాగుతున్నాను, పైన నీళ్లు పొంగి పక్క ఫ్లాట్ ఆంటీ డాబా మీద ఆరబెట్టిన వడియాలు మొత్తం కొట్టుకుపోయాయి. ఆ గొడవ వేరే. నా డౌట్ ఏంటంటే ఈ 2222లు డూప్లికేటా? ముట్టుకుంటే కొంచెం వెచ్చగా కూడా ఉంది.

బీటెక్_బ్యాక్‌లాగ్
555 పోయింది అన్నా. మార్చెయ్.

కోఠి_సోల్డర్
ఎల్ఈడీ ఆరింది అని రాశాడు కదా తమ్ముడూ, 555 తన పని తాను చేసినట్టే. ఐసీ మార్చితే ఇంకో పాతిక రూపాయలు దండగ.

మలక్‌పేట భాయ్, రిలే వదలకుండా పట్టుకుని ఉన్నప్పుడు కాయిల్ కలిసే ట్రాన్సిస్టర్ కాలుకు, గ్రౌండ్‌కు మధ్య ఎన్ని వోల్టులున్నాయో కొలిచి చెప్పు. ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉంటే 12 రావాలి. షార్ట్ అయితే సున్నాకు దగ్గరగా ఉంటుంది. ముందు అది చెప్పు, తర్వాత డూప్లికేటా కాదా అన్నది చూద్దాం.

మలక్‌పేట_మోటార్
కొలిచాను. 12 లేదు, 0 లేదు. 7.6 వోల్టులు! మూడుసార్లు చూశాను, మీటర్ బ్యాటరీ కూడా మార్చాను.

డేటాషీట్_దాసు
7.6 అనగానే అర్థమైపోయింది. మీ ట్రాన్సిస్టర్ అసలుదే, తిరగేసి పెట్టారు.

చదునుగా ఉన్న ముఖం మన వైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే బీసీ547కు ఎడమ నుంచి కలెక్టర్ (ఇక్కడ కాయిల్‌కు కలిసే కాలు), బేస్ (ఆన్, ఆఫ్ చేసే కాలు), ఎమిటర్ (ఇక్కడ గ్రౌండ్‌కు కలిసే కాలు). మీరు తెచ్చిన 2222కు అదే వరసలో ఎమిటర్, బేస్, కలెక్టర్. బేస్ మధ్యలోనే ఉంది కాబట్టి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ చివరి రెండూ తారుమారు. పాత 547 రంధ్రాల్లో దాన్ని అదే ముఖంతో పెడితే ఎమిటర్ పోయి కాయిల్‌కు, కలెక్టర్ పోయి గ్రౌండ్‌కు కలుస్తాయి.

మరి రిలే ఎలా పట్టింది అంటారా? ట్రాన్సిస్టర్ తలకిందులుగా కూడా కొంచెం పనిచేస్తుంది. గెయిన్ (బేస్ కరెంటును ఎన్ని రెట్లు చేస్తుందన్నది) 200 ఉండాల్సిన చోట ఏ నాలుగో అయిదో ఉంటుంది. మీ 555 నుంచి 1కే ద్వారా బేస్‌కు దాదాపు 10 మిల్లీ ఆంపులు వెళ్తోంది, 12 వోల్టుల మామూలు రిలే కాయిల్ 400 ఓములు, అంటే కావలసింది 30 మిల్లీ ఆంపులే. నాలుగు గెయిన్ ఉన్నా పట్టేస్తుంది.

అసలు తమాషా ఆఫ్ అయినప్పుడు మొదలవుతుంది. ఇలాంటి చిన్న సిలికాన్ ట్రాన్సిస్టర్లలో కలెక్టర్ వైపు 40, 50 వోల్టులు తట్టుకుంటుంది కానీ ఎమిటర్-బేస్ జంక్షన్‌కు రివర్స్‌లో 6, 7 వోల్టులు దాటితే బ్రేక్‌డౌన్ అయి రివర్స్‌లోనే కరెంటు వదిలేస్తుంది, జీనర్ డయోడ్ లాగా. డేటాషీట్‌లో (కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో) దీన్నే 5 లేదా 6 వోల్టులని రాసి ఉంటారు, ఎవరూ ఆ లైను చదవరు. ఆ దాదాపు ఏడు వోల్టులు, కింద ఇంకో జంక్షన్ 0.7, కలిపితే సుమారుగా మీ 7.6. మిగిలిన 4.4 వోల్టులు కాయిల్ మీద పడుతున్నాయి.

ఉప్పల్_అమ్మాయి
దాసు గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. 12 వోల్టుల రిలే కొత్తగా పట్టాలంటే దాదాపు 9 వోల్టులు కావాలి, కానీ ఒకసారి పట్టాక వదలాలంటే 12లో పదో వంతుకు, అంటే 1.2 వోల్టులకు, పడిపోవాల్సి రావచ్చు. 4.4 వోల్టులతో తనంతట తాను పట్టదు, పట్టాక వదలదు. అందుకే మీకు ఆన్ బాగుంది, ఆఫ్ లేదు. వెచ్చగా ఉండటానికీ కారణం అదే, 11 మిల్లీ ఆంపులు 7.6 వోల్టుల మీదుగా పోతున్నాయి, 80 మిల్లీవాట్ల పైన. 😀

మలక్‌పేట_మోటార్
ఆగండి ఆగండి. నేను గుడ్డిగా పెట్టలేదు. నెట్‌లో 2ఎన్2222 డేటాషీట్ తెరిచి బొమ్మ చూసే పెట్టాను, అందులో స్పష్టంగా కలెక్టర్, బేస్, ఎమిటర్ అనే ఉంది, 547 లాగానే!

డేటాషీట్_దాసు
మీరు చూసిన షీట్ పైన పేరు "పీ2ఎన్2222ఏ" అని ఉందా? ట్రాన్సిస్టర్ మీద "పీఎన్2222ఏ" అని ఉందా? మధ్యలో ఆ 2 ఉందో లేదో చూడండి.

మలక్‌పేట_మోటార్
...ట్రాన్సిస్టర్ మీద 2 లేదు. షీట్‌లో ఉంది.

డేటాషీట్_దాసు
అదే. మోటరోలా కాలం నుంచీ ఉన్న పీడ ఇది. పీ2ఎన్2222ఏ వరస కలెక్టర్, బేస్, ఎమిటర్. పీఎన్2222ఏ వరస ఎమిటర్, బేస్, కలెక్టర్. లోపల చిప్పు పరంగా రెండూ అన్నదమ్ములే, 40 వోల్టులు, 600 మిల్లీ ఆంపులు. కాళ్లే తిరగబడ్డాయి. షాపులో రెండింటినీ ఒకే డబ్బాలో "2222" అని పోసి పెడతారు, వాళ్లకూ తెలియదు. వెతికితే మొదట వచ్చే షీట్ చాలాసార్లు ఆ పీ2ఎన్‌దే, బొమ్మ చూసి మోసపోయిన వాళ్లలో నేనూ ఉన్నాను, సిగ్గేం లేదు.

చివర "ఏ" కూడా ఊరికే పెట్టింది కాదు, ఏ లేని మామూలు 2222 30 వోల్టులే.

బీటెక్_బ్యాక్‌లాగ్
మా ల్యాబ్‌లో 2ఎన్2222 ఇనుప టోపీ లాగా ఉంటుంది, చిన్న మొటిమ ఉంటుంది పక్కన. అది ఏ వరస?

పాత_రేడియో
అది టీవో-18 డబ్బా బాబూ. ఆ మొటిమ దగ్గరున్న కాలు ఎమిటర్. కాళ్లు పైకి పెట్టి, మొటిమ నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు లెక్కపెడితే ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ107కూ అంతే, అవి మీ కాలేజీల్లో ఇంకా ఉన్నాయనుకుంటాను. ఇంకో సంగతి గుర్తుపెట్టుకో, ఆ డబ్బా లోపల కలెక్టర్‌కు కలిసే ఉంటుంది. నేను ఈసీఐఎల్‌లో చేరిన కొత్తలో అలాంటి ఇనుప డబ్బా ట్రాన్సిస్టర్లు రెండు, ఎస్ఎల్100లను, దగ్గర దగ్గరగా పెట్టి ఆనిస్తే ఒక పవర్ సప్లై పొగలు కక్కింది, మా ఫోర్‌మన్ తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ప్లాస్టిక్ వచ్చాక ఆ బెడద పోయింది, వరస గుర్తుపట్టే బెడద వచ్చింది.

కోఠి_సోల్డర్
సార్ పోస్టు వచ్చిందంటే టీ కప్పు పట్టుకుని కూర్చోవాల్సిందే 🙏

మలక్‌పేట భాయ్, షీట్లు పక్కన పెట్టు. నీ మల్టీమీటర్‌లో హెచ్ఎఫ్ఈ (గెయిన్ కొలిచే) సాకెట్ ఉందా? ఎన్‌పీఎన్ (547, 2222 లాంటి రకం) వైపు ఆ ట్రాన్సిస్టర్‌ను రెండు రకాలుగా గుచ్చి చూడు, బేస్ మధ్యలోనే ఉంచి. సరైన వరసలో 150, 200, 250 అలా వస్తుంది. తిరగేస్తే ఒకంకె సంఖ్య. నేను కౌంటర్ మీద కూర్చున్నప్పుడు చేసేది ఇంతే, ఎవడి డేటాషీటూ చూడను.

మలక్‌పేట_మోటార్
214, తిప్పితే 6. నోట మాట రావట్లేదు.

డేటాషీట్_దాసు
సాకెట్ లేని మీటర్ వాళ్లు డయోడ్ మోడ్‌లో చూడొచ్చు. ముందు రెండు వైపులా 0.6-0.7 చూపించే కాలు ఏదో కనుక్కోండి, అది బేస్. ఎర్ర వైరు దాని మీద ఉన్నప్పుడు చూపిస్తే ఎన్‌పీఎన్, నల్ల వైరు ఉన్నప్పుడు చూపిస్తే పీఎన్‌పీ (కరెంటు ఎదురు దిశలో పోయే రకం). మిగిలిన రెండింటిలో ఏ వైపు రీడింగ్ కొద్దిగా ఎక్కువో అది ఎమిటర్, 0.665కూ 0.655కూ ఉన్నంత తేడా. చేత్తో పట్టుకుంటే వేడికే అంకె మారిపోతుంది, కాబట్టి పటకారుతో పట్టుకోండి.

చవకగా దొరికే చిన్న గ్రాఫిక్ డిస్‌ప్లే టెస్టర్లు కూడా కాళ్లు, గెయిన్ చూపిస్తాయి. కానీ అది 30 వోల్టులదా 65 వోల్టులదా అన్నది ఏ టెస్టరూ చెప్పదు.

మలక్‌పేట_మోటార్
సరే, అయితే ఇప్పుడేం చేయాలి? 2222ను తిప్పి పెట్టేయనా? లేక మళ్లీ 547 కోసం తిరగనా?

ఉప్పల్_అమ్మాయి
తిప్పి పెడితే పనిచేస్తుంది. కానీ నేనైతే బీసీ337 వేస్తాను. 547 వరసే, కలెక్టర్, బేస్, ఎమిటర్, వోల్టేజీ కూడా అదే 45, కరెంటు మాత్రం 500 నుంచి 800 మిల్లీ ఆంపుల దాకా, కంపెనీని బట్టి. 547కు 100 మాత్రమే. రేపు ఎవరైనా బోర్డు తెరిచి రిపేర్ చేసినా బోర్డు మీద ముద్రించిన బొమ్మకూ వేసిన పీసుకూ తేడా ఉండదు. మీరే రెండేళ్ల తర్వాత మర్చిపోయి ఉంటారు.

మీ 12 వోల్టుల రిలేకు 30 మిల్లీ ఆంపులే కాబట్టి 547 కూడా హాయిగా సరిపోతుంది. అదే 5 వోల్టుల రిలే అయితే కాయిల్ 70 ఓములు, 70 మిల్లీ ఆంపులు దాటుతుంది, అక్కడ 547 అంచున నడుస్తుంది.

బీటెక్_బ్యాక్‌లాగ్
నా దగ్గర బీసీ548 ఉన్నాయి, 557 ఉన్నాయి, సీ1815 ఉన్నాయి. ఏది ఏదానికి పనికొస్తుందో ఒక చార్ట్ ఉంటే ఇవ్వండి అన్నా.

కోఠి_సోల్డర్
చార్ట్ కావాలంటే పుస్తకం కొనుక్కో 😄

557 పీఎన్‌పీ, దాని జోలికి పోకు, 547 స్థానంలో అసలు పని చేయదు. మిగతావాటిలో ఎక్కువ వోల్టుది తక్కువ వోల్టు చోట వెయ్యొచ్చు, తక్కువది ఎక్కువ చోట వెయ్యకూడదు. 546 అంటే 65 వోల్టులు, 547 అంటే 45, 548 అంటే 30. 546 ఒక్కటి కొనిపెట్టుకుంటే ఈ మూడింటి పనీ అయిపోతుంది, షాపుల్లో మాత్రం అదే తక్కువ దొరుకుతుంది. 549, 550 మైకు ముందు పెట్టేవి, నాయిజ్ తక్కువ. రిలేకు వాటిని వేస్తే పట్టుచీర కట్టుకుని పొలానికెళ్లినట్టే.

సీ1815 జపాన్‌ది, అసలు పేరు 2ఎస్‌సీ1815, ముందున్న 2ఎస్ మామూలుగా ముద్రించరు. దాని మధ్య కాలు బేస్ కాదు! ఎమిటర్, కలెక్టర్, బేస్. ఎటు తిప్పినా 547 రంధ్రాల్లో సరిపోదు, రెండు కాళ్లు మెలితిప్పి ఒకదానికి స్లీవ్ తొడగాలి. సీ945దీ అదే కథ.

డేటాషీట్_దాసు
చివర అక్షరం సంగతి కూడా చెప్పాలి. 547ఏ గెయిన్ 110 నుంచి 220, బీ 200 నుంచి 450, సీ 420 నుంచి 800. 1815కు ఓ, వై, జీఆర్, బీఎల్ అని ఉంటాయి, ఓ 70 నుంచి 140, వై 120 నుంచి 240, అలా బీఎల్ 350 నుంచి 700. అంటే 547ఏ పోయిన చోట 1815 వై దగ్గరగా ఉంటుంది, బీఎల్ కాదు.

అయితే మలక్‌పేట గారి రిలేలో దీనితో పనే లేదు. స్విచ్ లాగా వాడేటప్పుడు కలెక్టర్ కరెంటులో పదో వంతు బేస్‌కు ఇచ్చి ముంచేస్తాం, గెయిన్ 100 అయినా 500 అయినా ఫలితం ఒకటే. ఆడియోలో, అందులోనూ బేస్‌కు సప్లై నుంచి ఒకే ఒక్క పెద్ద రెసిస్టర్ పెట్టిన పాత ప్రీయాంప్‌లలో (చిన్న సిగ్నల్‌ను ముందుగా పెంచే సర్క్యూట్లలో), ఏ తీసి సీ వేస్తే కలెక్టర్ వోల్టేజీ అడుగుకు పడిపోయి సౌండ్ చిరిగిపోతుంది.

పాత_రేడియో
ఈ చిరిగిపోవడం గురించి నాకూ ఒక గుణపాఠం ఉంది. మా మేనల్లుడు వాళ్ల నాన్నగారి రేడియో తెచ్చాడు, వివిధ భారతి వినాలని ఆయన ముచ్చట. లోపల ఏసీ128లు, జర్మేనియం పీఎన్‌పీ, ఒకటి పోయింది. వాడు బీసీ558 వేసి తెచ్చాడు, పీఎన్‌పీకి పీఎన్‌పీయే కదా మామయ్యా అని. పాట వస్తోంది కానీ గొంతులో ఇసుక పోసుకుని పాడినట్టు. జర్మేనియంకు బేస్ దగ్గర 0.2 వోల్టు ఉంటే చాలు, సిలికాన్‌కు 0.6 పైన కావాలి. రేడియోలో ఉన్న బయాస్ (బేస్‌కు ముందే ఇచ్చి ఉంచే వోల్టేజీ) 0.2కు లెక్కగట్టింది. దాంతో సిలికాన్ ఎక్కువసేపు నిద్రపోతూ పెద్ద శబ్దానికి మాత్రమే లేస్తోంది. పైగా 558 100 మిల్లీ ఆంపులది, 128 ఒక ఆంపు దాకా ఇచ్చేది. చివరికి పాత బోర్డు నుంచి ఇంకో 128 పీకి వేశాను. పేరులో మొదటి అక్షరమే చెబుతుంది నాయనా, ఏ అంటే జర్మేనియం, బీ అంటే సిలికాన్. రెండో అక్షరం సీ అంటే చిన్న ఆడియో, డీ అంటే పవర్.

మండపం_సౌండ్
పవర్ అన్నారు కాబట్టి నేనూ అడిగేస్తున్నా. వినాయక చవితి వస్తోంది, మా ఆంప్లిఫయర్‌లో 2ఎన్3055లు పోయినేడాది మూడుసార్లు కాలిపోయాయి. కొత్తవి వేయగానే రెండు గంటలు బాగుంటుంది, వాల్యూమ్ పెంచితే ఫట్. సప్లై ప్లస్ మైనస్ 35 వోల్టులు.

కోఠి_సోల్డర్
రెండు కారణాలు భాయ్. ఒకటి నీ సప్లై. ప్లస్ మైనస్ 35 అంటే ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్ మీద 70 వోల్టుల దాకా పడుతుంది. 3055 కలెక్టర్-ఎమిటర్ రేటింగ్ 60. ఎంత ఒరిజినల్ వేసినా అది చావడానికే పుట్టింది అక్కడ. ఎంజే15003 చూడు, 140 వోల్టులు, 20 ఆంపులు, 250 వాట్లు, అదే పెద్ద ఇనుప డబ్బా, కాళ్లూ అవే.

రెండోది డూప్లికేట్. కాలిపోయినదాన్ని పారేయకుండా పై మూత కోసి చూడు. 115 వాట్ల ట్రాన్సిస్టర్ లోపల చిప్పు బఠాణీ గింజంత అయినా ఉండాలి, ఆవగింజంత ఉంటే ఎవరో చిన్న ట్రాన్సిస్టర్‌కు పెద్ద చొక్కా తొడిగారని అర్థం. నేనైతే ముందు ఒక్కటే కొని దాన్నే కోస్తాను. పోతే ఒకటి పోతుంది, మండపం దగ్గర పరువు దక్కుతుంది.

మండపం_సౌండ్
కోశాను. ఆవగింజ 😭

ఉప్పల్_అమ్మాయి
మాస్‌ఫెట్ల (గేట్ అనే కాలుకు వోల్టేజీ ఇస్తే తెరుచుకునే ట్రాన్సిస్టర్ల) వైపూ ఇదే గోల ఉంది, అడుగుతారని ముందే చెప్తున్నా. మా టీమ్‌లో ఒకతను ఎల్ఈడీ స్ట్రిప్‌కు ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ వేసి 3.3 వోల్టుల బోర్డుతో తోలాడు, వెలుగు సగమే, మాస్‌ఫెట్ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఆన్‌లో రెసిస్టెన్స్ 17.5 మిల్లీ ఓములే అని డేటాషీట్ చెప్పుకునే గొప్ప, గేట్‌కు 10 వోల్టులు ఇచ్చినప్పటి మాట. పేరులో "ఎఫ్" బదులు "ఎల్" ఉన్న ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ 5 వోల్టులకు బాగా తెరుచుకుంటుంది, కానీ దానికి కూడా 3.3 మీద హామీ లేదు. 3.3 అయితే ఏవో3400 లాంటిది, 2.5 వోల్టులకే రేటింగ్ ఇచ్చింది వాడాలి.

చిన్నవాటిలో 2ఎన్7000, బీఎస్170 అచ్చం ఒకేలా ఉంటాయి, ఇద్దరికీ 60 వోల్టులే. 2ఎన్7000కు సోర్స్, గేట్, డ్రెయిన్. బీఎస్170కి డ్రెయిన్, గేట్, సోర్స్. తిరగేసి పెడితే లోపలి డయోడ్ గుండా కరెంటు పోయి లోడు అసలు ఆగదు. ఎక్కడో విన్నట్టు లేదూ?

బీటెక్_బ్యాక్‌లాగ్
మరి ఆ చీమంత ఎస్ఎండీల (రంధ్రాలు లేకుండా బోర్డు పైనే అతికే పార్టుల) మీద జే3వై అని, 1ఏఎం అని ఉంటాయి కదా, అవేంటి?

డేటాషీట్_దాసు
జే3వై చాలావరకు ఎస్8050 ట్రాన్సిస్టర్, 1ఏఎం 3904 ట్రాన్సిస్టర్. కానీ ఆ కోడ్‌లు కంపెనీలు ఎవరికి వారు పెట్టుకున్నవి, ఒకే కోడ్ ఇద్దరు వేర్వేరు పార్టులకు వాడతారు, కాబట్టి బోర్డు మీద అది చేస్తున్న పని చూసి సరిపోల్చుకో. ఎస్8050 అర ఆంపుది, ఎస్ఎస్8050 ఒకటిన్నర ఆంపులది. ఒక్క ఎస్ తేడా.

మలక్‌పేట_మోటార్
అప్‌డేట్. బీసీ337 వేశాను. రిలే పడుతోంది, వదులుతోంది, నిన్న సాయంత్రం నుంచి ఆరుసార్లు చూశాను, ఆఫ్‌లో 12.1 వోల్టులు ఉంది. ఇంకో సంగతి బయటపడింది, కాయిల్ మీద ఉండే 4007 డయోడ్ ఒక కాలు సోల్డర్ చిట్లి ఊగుతోంది. మొదటి 547 దానివల్లే పోయుంటుంది కదా?

కోఠి_సోల్డర్
దానివల్లే. డయోడ్ లేకపోతే రిలే వదిలేటప్పుడు కాయిల్ వందల వోల్టుల దెబ్బ కొడుతుంది, 45 వోల్టుల 547 ఎన్ని రోజులు తట్టుకుంటుంది. ఆ జాయింట్ పాత సోల్డర్ పూర్తిగా పీకి కొత్తగా వెయ్యి, పైపైన వేడి చేసి వదిలేయకు.

మలక్‌పేట_మోటార్
అయిపోయింది అన్నా. ఆంటీకి మినప్పప్పు రెండు కిలోలు కొనిచ్చాను. ఇంకా పది 2222లు మిగిలాయి, వీటినేం చేయను?

ఉప్పల్_అమ్మాయి
తొమ్మిది దాచుకోండి, కవర్ మీద "పీఎన్, ఎమిటర్ ఎడమ" అని రాసి. రివర్స్‌లో నలిగిన ఆ పదోదాన్ని మాత్రం ఏ మైకు ప్రీయాంప్‌లోనూ వేయకండి. అలా ఎమిటర్ జంక్షన్ బ్రేక్‌డౌన్‌లో నడిస్తే గెయిన్ తగ్గి నాయిజ్ పెరుగుతుంది. ఎల్ఈడీ వెలిగించుకోవడానికి పనికొస్తుంది.

మలక్‌పేట_మోటార్
హెచ్ఎఫ్ఈ మళ్లీ చూశాను. 214 ఉండేది, ఇప్పుడు 171.